బడి సంగీత నాటకానికి గోదారి యాస: ఆడిషన్‌కు ముందు మూడు వారాలు

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగిన పిల్లలకు గోదావరి యాస నేర్పవలసి రావడం వినడానికి విడ్డూరంగానే ఉంటుంది గాని, బడి వార్షికోత్సవానికి సంగీత నాటకం తలపెట్టిన ప్రతిసారీ నాకు మొదట ఎదురయ్యే ఇబ్బంది అదే. అమలాపురంలోనో భీమవరంలోనో ఇంగ్లీషు మీడియం బడిలో తొమ్మిదో తరగతి చదివే పిల్లవాడు ఇంట్లో టీవీ తెలుగు, బడిలో సగానికి సగం ఇంగ్లీషు మాట్లాడతాడు. తాతగారి తెలుగు వాడికి పూర్తిగా అర్థమవుతుంది, నోటికి మాత్రం రాదు. అలాంటి పిల్లవాణ్ణి గోదావరి పాయల నడుమ దీవిలాంటి లంక గ్రామంలో పడవ నడిపే సరంగు వేషానికి ఆడిషన్‌కు రమ్మంటే, సినిమాల్లో విన్న ‘ఆయ్’ని ప్రతి వాక్యానికీ తగిలించి, ‘అండి’ని బారెడు సాగదీసి, యాస వచ్చేసిందనుకుని వస్తాడు. సంభాషణ వరకు ఎలాగో నెట్టుకొస్తాడు గాని, పాట అందుకోగానే ఆ యాస ఎగిరిపోయి పాఠ్యపుస్తకం బయటపడుతుంది. యాసను మాటల జాబితాగా బట్టీ పట్టినవాళ్ళందరికీ జరిగేది ఇదే. ఒక మనిషి పలికే తీరుగా దాన్ని పట్టుకున్నవాళ్ళకు మాత్రం అది పాటలో కూడా నిలబడుతుంది. మూడు వారాల వ్యవధిలో, రోజుకు అరగంట చొప్పున, అలా పట్టుకోవడం ఎలాగో ఇక్కడ చెబుతాను.

ముందు వేషం ఎవరిదో తేల్చుకోండి

గోదావరి యాస అని అందరం ఒక్క మాటలో అనేస్తాం గాని, అది ఒకటి కాదు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు మాండలికాలను నాలుగు మండలాలుగా విభజించినప్పుడు గోదావరి, కృష్ణా, గుంటూరు ప్రాంతాలను మధ్య మండలంలో చేర్చారు. పత్రికలలోను పాఠ్యపుస్తకాలలోను కనిపించే శిష్ట వ్యావహారికం చాలావరకు ఈ మండలపు చదువుకున్నవారి భాష మీద నిలబడినదే. అందువల్ల మన ప్రాంతపు పిల్లలు ‘మాకు యాస లేదు, మాది మామూలు తెలుగు’ అనుకుంటారు. ఆ మామూలు తెలుగుకు, లంకలోని సరంగు మాటకు, ఊరి బడిపంతులుగారి మాటకు మధ్య ఉన్న దూరం చెవికి తెలిసినప్పుడే నేర్చుకోవడం మొదలవుతుంది.

ఈ మూడు వాక్యాలు చూడండి. పుస్తకంలో ఇలా ఉంటాయి: ‘వాడు ఇప్పుడే వెళ్ళాడు. మీరు ఇక్కడ కూర్చోండి, నేను చూసి వస్తాను. వరద ఎక్కువగా వస్తోంది.’ వీటినే డెల్టాలో ఒక బడిపంతులుగారు ‘వాడిప్పుడే వెళ్ళాడండి. మీరిక్కడ కూచోండి, నేను చూసొస్తాను. వరదెక్కువగా వస్తోందండి’ అంటారు. పడవ మీది సరంగు ‘ఆడిప్పుడే ఎళ్ళాడండి. మీరిక్కడ కూకోండి, నే సూసొత్తాను. వరదెక్కువొత్తందండి’ అంటాడు. రెండూ గోదావరి పలుకులే. పంతులుగారి వేషానికి సరంగు పలుకు పెడితే చూసేవారికి అది తప్పుగా తోస్తుంది, సరంగుకు పంతులుగారి పలుకు పెడితే ప్రాణం పోతుంది. కాబట్టి మీకిచ్చిన పాత్ర వయసెంత, చదువెంత, ఏ పని చేసుకుని బతుకుతుంది, ఊరు దాటి ఎంత తిరిగింది అన్న నాలుగు సంగతులు ముందు కాగితం మీద రాసుకోండి. నాటకంలో అవి లేకపోతే నేర్పే మాస్టారినో టీచరుగారినో అడగండి. వారూ తేల్చకపోతే మీరే తేల్చుకుని దానికి కట్టుబడండి.

ప్రాంతాన్ని బట్టి కూడా కొంత తేడా ఉంటుంది. తూర్పు వైపుకు వెళ్ళినకొద్దీ ‘ఏమిటి’ స్థానంలో ‘ఏటి’ ఎక్కువగా వినిపిస్తుంది. ఏరు గట్టును, ఒడ్డును కూడా ‘ఏటి గట్టు’, ‘ఏటి ఒడ్డు’ అంటాం గనుక, ‘ఏటి?’ అన్న ప్రశ్నకు ‘గోదారి’ అని జవాబు చెప్పి నవ్వుకునే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరుంటారు. ఈ తేడాల లోతుకు ఆడిషన్ కోసం పోనక్కరలేదు. ఒక్క ఊరిని మనసులో పెట్టుకుని, ఆ ఊరి మనిషిని ఒకరిని వింటే చాలు.

ఎవరిని వినాలి, ఎలా వినాలి

మొదటి వారమంతా వినడానికే కేటాయించండి. సినిమాలను, ఫోనులో తిరిగే హాస్యపు వీడియోలను ఈ వారం పక్కన పెట్టండి. వాటిలోని నటులు నవ్వించడానికి ఒకటి రెండు గుర్తులను పట్టుకుని పెద్దవి చేసి చూపిస్తారు. మీరు వారిని అనుకరిస్తే అనుకరణకు అనుకరణ చేసినట్టవుతుంది. మీ పాత్ర వయసుకు దగ్గరగా ఉన్న మనిషి ఇంట్లో దొరికితే అంతకన్నా అదృష్టం లేదు. మామ్మగారో, తాతగారో, చేలో పనికి వచ్చే పెద్దాయనో, కొబ్బరి దింపు తీసే మనిషో ఎవరైనా సరే. సకినేటిపల్లి నుంచి నరసాపురానికి గోదావరి పాయ వశిష్ఠ మీద పంటులో (మనుషులను, బండ్లను ఏరు దాటించే పెద్ద పడవలో) దాటేటప్పుడు గాని, కోటిపల్లి రేవులో ముక్తేశ్వరం వెళ్ళే పడవ కోసం ఆగినప్పుడు గాని, చుట్టూ ఉన్నవారి మాటను ఊరికే వింటూ పావుగంట నిలబడితే, ఇంట్లో రోజంతా కూర్చున్నా దొరకని స్వరాలు చెవిన పడతాయి. రేవులో మాత్రం ఎవరి మాటనూ ఫోనులో ఎక్కించకండి. అది మర్యాద కాదు.

ఇంట్లోవారి మాటను అనుమతి అడిగి ఎక్కించుకోవచ్చు. అయితే ఇక్కడొక చిక్కుంది. ఫోను ముందు పెట్టి ‘మాట్లాడండి తాతయ్యా’ అనగానే, నలభై ఏళ్ళుగా ‘ఎళ్ళొత్తాను’ అంటున్న మనిషి కూడా సర్దుకుని కూర్చుని ‘వెళ్ళి వస్తాను’ అంటాడు. యాసను గురించి అడిగితే యాస మాయమవుతుంది, కాబట్టి వారు మనసు పెట్టి చెప్పే సంగతిని అడగాలి. 1986 ఆగస్టు వరద సంగతి గాని, 1996 నవంబరులో కోనసీమ కొబ్బరి తోటలను నేలకూల్చిన తుపాను సంగతి గాని అడిగి చూడండి. రెండు నిమిషాలలో ఫోనును మరిచిపోయి, ఏ గట్టు ఎక్కడ తెగింది, ఎవరు ఏ డాబా ఎక్కారు అన్నదంతా తమ సహజమైన పలుకులో చెబుతారు. ఆ తుపానులో మనుషులను పోగొట్టుకున్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి గనుక, ముందు అమ్మనో నాన్ననో కనుక్కుని మరీ అడగండి. అవసరమైతే ఆ ప్రస్తావన వదిలి చిన్నప్పటి తీర్థం గురించో, పెళ్ళికి పడవ మీద వెళ్ళడం గురించో అడిగినా పని జరుగుతుంది.

పది నిమిషాల రికార్డు చాలు. అందులో మీకు బాగా నచ్చిన ఒక నిమిషాన్ని ఎంచుకుని, విన్నది విన్నట్టుగా రాయండి. పుస్తకాల వర్ణక్రమం మరిచిపోయి, ‘వస్తున్నాడు’ అని మీ చెయ్యి రాయబోతుంటే ఆపి, నిజంగా వినిపించింది ‘వత్తన్నాడు’ అయితే అదే రాయండి. ఈ ఒక్క నిమిషం రాతకు గంట పట్టవచ్చు. మూడు వారాలలో ఇంత ఫలితమిచ్చే గంట మరొకటి ఉండదని నా అనుభవం.

నోటికి ఎక్కించుకోవలసిన పలుకులు

రెండో వారంలో పలకడం మొదలుపెట్టండి. అందరూ గమనించేది ‘స్త’ స్థానంలో ‘త్త’ రావడం. చేస్తాను చేత్తాను అవుతుంది, చూస్తాడు చూత్తాడు అవుతుంది, వస్తున్నాను వత్తన్నాను అవుతుంది. దీన్ని క్రియలకు పరిమితం చేసుకోండి. మీ రికార్డులో వినపడితే తప్ప ప్రతి నామవాచకానికీ తగిలించకండి.

రెండోది మాట మొదట ‘వ’ జారిపోవడం. వెళ్ళు ఎళ్ళు అవుతుంది, విను ఇను అవుతుంది, వెనక ఎనక అవుతుంది. వాడు, వీడు, వాళ్ళు అన్నవి ఆడు, ఈడు, ఆళ్ళు అవుతాయి. ఈ సూత్రం వినగానే పిల్లలు ఉత్సాహపడి ‘వాన’ను ‘ఆన’ అని, ‘వల’ను ‘అల’ అని పలుకుతారు. అది తప్పు. ఇ, ఈ, ఎ, ఏ అచ్చుల ముందు వకారం జారుతుంది. అ, ఆ అచ్చుల ముందు, ఆడు ఆళ్ళు లాంటి సర్వనామాలు తప్ప, మామూలుగా నిలుస్తుంది. సరంగు కూడా వానను వాన అనే అంటాడు, వచ్చాడును వచ్చాడనే అంటాడు. గోదావరి వారికి పేరు తెచ్చిన వెటకారం కూడా ఈ సూత్రానికి లోబడి ‘ఎటకారం’ అయింది.

మూడోది రెండు అచ్చుల నడుమ ‘మ’ మెత్తబడి ముక్కుతో పలికే ‘వ’ కావడం. మామయ్య మావయ్య, మామిడి మావిడి, ఏమండీ ఏవండీ అవుతాయి. రాసేటప్పుడు ‘వ’ అని రాస్తాం గాని, పలికేటప్పుడు గాలి కొంత ముక్కులోంచి వెళ్ళాలి. పిల్లలు పెదవులతో గట్టిగా ‘వ’ అనేస్తే అది మరెక్కడి మాటలాగానో ఉంటుంది. ముక్కు మూసుకుని ‘మావిడి’ అని చూడండి; మాట మూసుకుపోయినట్టు వినిపిస్తే మీరు సరిగ్గా పలుకుతున్నట్టు, ఏ మార్పూ లేకపోతే ముక్కును వాడడం లేదన్నట్టు. ఇందులో మొదటి ‘మ’కు ఎలాగూ ముక్కు కావాలి గనుక, రెండో అక్షరం మీదే చెవి పెట్టండి.

ఇక చెప్పబోయే రెండూ లిపిలో కనబడవు గనుక ఎవరూ నేర్పరు. నా మటుకు నాకు, ఒక పిల్లవాడి నోట యాస నిజంగా పలికిందా లేదా అన్నది తేల్చేవి ఇవే. ఒకటి, చకార జకారాలు. చాప, చుట్టం, చొక్కా అన్న మాటలలోని చకారం నాలుక కొనను పళ్ళ వెనక ఆనించి పలికే దంత్య చకారం. చిలక, చెరువు, చేప అన్న మాటలలోనిది నాలుకను అంగుటి వైపు ఎత్తి పలికే తాలవ్య చకారం. పాత పుస్తకాలలో మొదటిదానికి ౘ అన్న ప్రత్యేకాక్షరాన్ని వాడేవారు. ౙ కూడా అలాంటిదే, జుట్టు, జొన్న అన్నప్పుడు వినిపిస్తుంది. ఈనాటి పిల్లలు అన్నిటినీ తాలవ్యంగానే పలుకుతున్నారు. ‘చుట్టం చొక్కా చాప మీద’ అని మామ్మగారి చేత ఒకసారి అనిపించి, ఆ తరవాత మీరు అని చూడండి. తేడా వెంటనే తెలుస్తుంది. చంద్రుడు, జయం వంటి సంస్కృత పదాలను మాత్రం తాలవ్యంగానే ఉంచాలి. పల్లెపలుకు ఇంకా గట్టిగా ఉండే పాత్రయితే చూడు సూడు అవుతుంది, చెప్పు సెప్పు అవుతుంది, చేను సేను అవుతుంది. ఇది పాత్రను చూసి తీసుకోవలసిన నిర్ణయం.

రెండోది ఆకారానికి, ఏకారానికి నడుమ ఉండే అచ్చు. ‘వచ్చాడు’లోని ‘చ్చా’ను, ‘చాప’లోని ‘చా’ను పక్కపక్కన పలికి చూడండి, మొదటిది నోరు పక్కకు సాగి, ‘యా’ వైపు ఒరుగుతుంది. అలాగే ‘మేక’, ‘మేకు’ అని వరసగా అనండి. రాతలో రెండింటికీ ఒకే ‘మే’ ఉన్నా, తరవాతి అక్షరంలో ‘అ’ ఉన్నందువల్ల మేక ‘మ్యాక’కు దగ్గరగా వినిపిస్తుంది, మేకు అలా వినిపించదు. నేల, పేట కూడా మేక దారిలోనివే. నేను, మేము మేకు దారిలోనివి. దీన్ని అతిగా చేసి ‘మ్యాక’ అని యకారం వినిపించేలా పలకకూడదు. దవడ కొంచెం దిగితే చాలు.

ఇవన్నీ ఒకేసారి పెట్టుకోవద్దు. రికార్డును మళ్ళీ విని, మీ నమూనా మనిషి తరచుగా పలికే మూడు లక్షణాలను ఎంచుకుని, వాటిని మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా తప్పకుండా పలకండి. ఒక వాక్యంలో ‘చేత్తాను’ అని, మరు వాక్యంలో ‘చేస్తాను’ అంటే పరీక్షించేవారికి మొదటిది నటనగా, రెండోది నిజంగా తెలిసిపోతుంది. మూడింటినే గట్టిగా పట్టుకున్నవారి నోట మిగిలినవి వాటంతట అవే చేరడం నేను చాలాసార్లు చూశాను.

‘అండి’లోని రాగం

గోదావరి మాట సాగుతుందని అందరూ అంటారు. అది ఎక్కడ సాగుతుందన్నదే తెలుసుకోవాలి. సాగేది చాలావరకు వాక్యం చివరి అచ్చు. మధ్యలో మాటలు నిజానికి ఒకదానిలో ఒకటి కలిసిపోయి గబగబా నడుస్తాయి. పిల్లలు ప్రతి అక్షరాన్నీ సాగదీస్తే యాస రాదు, నిద్ర వస్తుంది. ‘ఏవండీ, ఇయ్యాల పంటు ఎప్పుడొత్తందండీ?’ అన్న వాక్యాన్ని తీసుకుని, చివరి ‘డీ’ దాకా ఒక్క ఊపున వెళ్ళి, అక్కడ మాత్రమే స్వరాన్ని ఎత్తి ఆపండి.

ఆ తరవాత ‘అలాగేనండి’ అన్న ఒక్క మాటను అయిదు రకాలుగా సాధన చేయండి. పెద్దవారు పని చెప్పినప్పుడు ఒప్పుకుంటూ, నమ్మలేక ప్రశ్నిస్తూ, విసుగ్గా, ప్రేమగా, ఆఖరున వెటకారంగా. మన ప్రాంతపు వెటకారం గొంతు పెంచదు. మర్యాదను ఒక మెట్టు పెంచి, ‘తమరు’, ‘గారు’, ‘అండి’ అన్నీ పెట్టి, ముఖం కదపకుండా, స్వరాన్ని సమంగా ఉంచి అంటించడమే దాని పద్ధతి. ‘మరేనండి, తమరికి తెలవందేవుందండి’ అన్నది మెచ్చుకోలో ఎత్తిపొడుపో వినేవారికి ఒక క్షణం ఆలస్యంగా తెలియాలి. ఈ మెళకువ వచ్చిన పిల్లకు హాస్యపాత్ర దాదాపు దొరికినట్టే.

‘ఆయ్’ గురించి ఒక మాట. అది వినయంగా ఔననడానికి, విన్నానని తెలపడానికి పొట్టిగా అనే మాట. అవతలివారు ఏదో చెప్పినప్పుడే దానికి చోటు. మీ వాక్యాన్ని మీరే ‘ఆయ్’ అని మొదలుపెట్టుకుంటే అర్థం లేదు. రెండు పేజీల సన్నివేశంలో మూడు ‘ఆయ్’లు దాటితే నేను పెన్సిలు తీసుకుని కొట్టేస్తాను. దీనికి కారణముంది. నేను మొదటిసారి నాటకం నేర్పిన ఏడు, హాలంతా పగలబడి నవ్వుతోందన్న సంబరంతో పిల్లల చేత అడుగడుగునా ‘ఆయ్’ అనిపించాను. నాటకమయ్యాక ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ నా దగ్గరకు వచ్చి, ఎంతో మర్యాదగా, ‘మమ్మల్నెక్కిరించారేటండి?’ అని అడిగి వెళ్ళిపోయారు. నాకు జవాబు దొరకలేదు.

పాటలో యాస నిలవాలంటే

పాట మొదలవగానే మాటలోని రాగం పోతుంది, ఎందుకంటే ఏ అక్షరం ఏ స్వరంలో పలకాలో, ఎంతసేపు నిలవాలో వరసే చెబుతుంది. ‘అండి’ని ఎత్తి ఆపే వీలు అక్కడ ఉండదు. అందుకే సంభాషణలో రాగం మీద ఆధారపడినవారు పాటలో దిక్కు తోచక పాఠ్యపుస్తకంలోకి పారిపోతారు. పాటలో యాసను మోసేవి హల్లులు, అచ్చుల రంగు, అంటే పైన చెప్పిన పలుకులే. అవి తాళాన్ని చెడగొడతాయా అన్నది మాత్రలు (లఘువుకు ఒకటి, గురువుకు రెండు) లెక్కపెట్టి చూసుకోవాలి. తెలుగు క్లాసులో గురులఘువులు నేర్చుకున్నది ఇందుకు పనికొస్తుంది.

సరంగు పాడే పాటలో ఈ రెండు పాదాలు ఉన్నాయనుకోండి: ‘ఏటికి వరదొస్తున్నది తమ్ముడ, వెళ్ళకు పడవను విప్పకు తమ్ముడ.’ పాదానికి నాలుగు మాత్రల గణాలు నాలుగు, మొత్తం పదహారు మాత్రలు. యాసలో ఇవి ‘ఏటికి వరదొత్తన్నది తమ్ముడ, ఎళ్ళకు పడవను ఇప్పకు తమ్ముడ’ అవుతాయి. ‘స్తు’ స్థానంలో ‘త్త’ వచ్చినా అది సంయుక్తమో ద్విత్వమో కావడం వల్ల ముందున్న ‘దొ’ గురువుగానే ఉంటుంది. వకారం పోయినా ‘ఎళ్ళ’, ‘ఇప్ప’ గురువుతో మొదలవుతాయి. లెక్క చెక్కు చెదరదు. ఇంకో ముచ్చట ఏమిటంటే, ‘వె’కు ‘వి’తో ఉన్న యతిమైత్రి ‘ఎ’కు ‘ఇ’తో కూడా ఉంది గనుక చెవికింపు కూడా పోదు.

అన్ని మార్పులూ ఇంత సాధువుగా ఉండవు. నిజానికి సరంగు మాట్లాడేటప్పుడు ‘వరదొత్తన్నది’ అనడు, ‘వరదొత్తంది’ అంటాడు. అప్పుడు మూడో గణంలో ఒక మాత్ర తగ్గుతుంది. ‘వరదొత్తందీ’ అని చివరి అచ్చును సాగదీస్తే లెక్క సరిపోతుంది, పైగా మన యాస సాగేది కూడా అక్కడే కాబట్టి సహజంగా ఉంటుంది. ‘ఏమిటి’ని ‘ఏవిటి’ చేస్తే నాలుగు మాత్రలూ నిలుస్తాయి, ‘ఏటి’ చేస్తే ఒకటి తగ్గుతుంది. ‘అండి’ అన్నిటికన్నా ప్రమాదకరం. ‘అవును’ మూడు మాత్రలు, ‘అవునండి’ అయిదు. పాట మధ్యలో ఉత్సాహం కొద్దీ ‘అండి’ చేర్చిన పిల్లవాడు తబలాకు రెండు మాత్రలు వెనకపడి, మిగతా చరణమంతా పరుగెత్తుతూనే ఉంటాడు. కవి రాసిన చోట తప్ప పాటలో ‘అండి’ వద్దు.

సాధన క్రమం ఇలా పెట్టుకోండి. పాటను ముందు రాగం లేకుండా, యాసలో, మాట్లాడినట్టు చదవండి. తరవాత చేత్తో తాళం వేస్తూ అదే చదవండి; మాత్ర తగ్గిన చోట, పెరిగిన చోట చెయ్యి తడబడుతుంది, అక్కడ గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తులను సరిచేసుకున్న తరవాతే వరసలో పాడండి. నేరుగా వరసతో మొదలుపెడితే నోరు పాత పలుకునే ఎంచుకుంటుంది. పొడుగ్గా నిలబెట్టే స్వరం ‘వచ్చాడు’లాంటి మాట మీద పడినప్పుడు ఆ మధ్య అచ్చును చివరిదాకా అలాగే ఉంచాలి; సగంలో మామూలు ఆకారంలోకి జారడం సంగీతం నేర్చుకున్న పిల్లలకు అలవాటు, ఎందుకంటే వారికి గొంతు తెరిచి ఆకారం పట్టడమే నేర్పారు.

మాటలు, చేతిలో కాగితం

పడవ, పొలం, కాలవ మాటలు తేలికగా వస్తాయి గనుక వాటిని చివరికి ఉంచుకోవచ్చు. రేవు, పంటు, గెడ, చుక్కాని, లంక, పుంత, బోదె, మెరక, దింపు వంటివి నాటకంలో ఉంటే వాటి అర్థం చేతితో చూపగలిగేంతగా తెలుసుకోండి. గెడ (పడవను తోసే పొడుగాటి కర్ర) వేస్తున్నానని పాడుతూ తెడ్డు తిప్పే అభినయం చేసిన పిల్లను చూసి, డెల్టా హాలులో కూర్చున్నవారు యాస ఎంత బాగున్నా నమ్మరు. కాలవ లాకుల పేరు ఇంగ్లీషు మాట నుంచి వచ్చిందే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలలో పడవలు నడిచిన కాలం నుంచి అది మన నోట నలిగి తెలుగైపోయింది, కాబట్టి దాన్ని తిరిగి ఇంగ్లీషులా పలకకండి.

వేషం గోదావరిది కాకుండా శ్రీకాకుళం వైపు కూలీదో, తెలంగాణ వ్యాపారిదో అయితే పైన చెప్పిన పలుకులు పనికిరావు, పద్ధతి మాత్రం అదే. శ్రీకాకుళం వైపు ‘నేను’ ‘నాను’ కావచ్చు, తెలంగాణలో ‘ఇట్లా’ ‘గిట్ల’ కావచ్చు. అలాంటి నాలుగు మాటలు ఏరుకుని గోదావరి రాగంలో పెడితే అది ఏ ఊరి మాటా కాదు. ఆ ప్రాంతం నుంచి వచ్చిన మనిషి మన పట్టణాలలో ఎవరో ఒకరు దొరుకుతారు. వారి దగ్గర కూర్చుని మొదటి వారం పని మళ్ళీ చేయండి.

ఆడిషన్ రోజు

సాధారణంగా ఒక చరణం పాడించి, ముందే ఇచ్చిన సంభాషణ చెప్పించి, ఆ తరవాత ఎప్పుడూ చూడని ఒక పేజీ చేతికిస్తారు. పిల్లలు తడబడేది ఈ మూడోదానిలోనే. పేజీ ఇవ్వగానే చదవడం మొదలుపెట్టకుండా అర నిమిషం అడిగి తీసుకోండి, పెన్సిలుతో ‘స్త’ ఉన్న క్రియల కింద గీత గీయండి, మొదటి వకారం జారే మాటల మీద సున్నా చుట్టండి. ఆ గుర్తులు కంటికి కనబడితే నోరు దానంతట అదే తిరుగుతుంది.

లోపలికి పిలిచే ముందు, మీ నమూనా మనిషి రికార్డులోంచి ఒక్క వాక్యాన్ని మనసులో అనుకోండి. నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి ‘నీళ్ళు గుమ్మం దాకా వచ్చేత్తన్నాయే’ అన్న వాళ్ళ మామ్మగారి వాక్యాన్ని మెల్లగా గొణుక్కుని లోపలికి వెళ్ళేది. గొంతు, ఊపిరి, రాగం అన్నీ ఆ ఒక్క వాక్యంతో ఆ మనిషి దారిలో పడతాయి. హాలు పెద్దదయితే వేగం తగ్గించండి గాని పలుకును పుస్తకంలోకి మార్చకండి. ‘త్త’ను, ‘ళ్ళ’ను గట్టిగా ఆనించి పలికితే చివరి వరసకు కూడా మాట అందుతుంది. మధ్యలో ఒకచోట ‘వస్తాను’ అని జారితే వెనక్కి వెళ్ళి సరిచేసుకోకుండా సాగిపోండి. మీరు ఆగితేనే అది అందరికీ తెలుస్తుంది.

కొందరు పరీక్షకులు అంతా అయ్యాక ‘ఇప్పుడు ఇదే మామూలు తెలుగులో చెప్పు’ అంటారు. మీ యాస అతికించుకున్నదా, అదుపులో ఉన్నదా అని చూడడానికే అలా అడుగుతారు గనుక, చివరి వారంలో రోజూ ఒకసారి అదే సంభాషణను సరంగు పలుకులోను, పంతులుగారి పలుకులోను, పుస్తకపు పలుకులోను వరసగా మూడుసార్లు చెప్పి చూసుకుని వెళ్ళండి.